సిల్వియా ఎందుకు కాదనలేదు?

1927లో అమెరికాలో ‘వింగ్స్’ అనే మూగ సినిమా వచ్చింది. ఒకే ఊరి కుర్రాళ్లు ఇద్దరు, జాక్, డేవిడ్. ఇద్దరూ సిల్వియా అనే ఒకే అమ్మాయిని ప్రేమిస్తారు. పక్కింటి మేరీ జాక్‌ను ప్రేమిస్తుంది, అది అతనికి పట్టదు. మొదటి ప్రపంచ యుద్ధం వస్తుంది, కుర్రాళ్లిద్దరూ విమానాలు నడపడానికి ఫ్రాన్స్ పోతారు. తొలి ఆస్కార్ల సభ 1929 మే 16న జరిగినప్పుడు ఉత్తమ చిత్రం బహుమతి దీనికే వచ్చింది.

ఈ సినిమాను దసరా సెలవుల్లో డోంగ్లిలో బడి గోడకు తెల్లగుడ్డ కట్టి చూపించారు. డోంగ్లి కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ డివిజన్‌లో, మహారాష్ట్ర సరిహద్దుకు ఆనుకుని ఈమధ్యే మండలమైన ఊరు. ప్రొజెక్టర్ తెచ్చిన అమ్మాయి హైదరాబాద్‌లో సినిమా చరిత్ర చదువుతోంది. తెర మీద అక్షరాలు వచ్చినప్పుడల్లా ముందు తెలుగులో, వెంటనే మరాఠీలో చదివి వినిపించింది. మూగ సినిమాల కాలంలో మన దేశంలో ఇది మామూలే. ఒకే అట్ట మీద రెండు మూడు భాషల్లో మాటలు వేసేవారు, చదువు రానివారి కోసం పక్కన నిలబడి చదివే మనిషి ఉండేవాడు. సినిమా అయ్యాక ఆ అమ్మాయికీ ఆమె మేనమామకూ వాదం మొదలైంది. ఆయన సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చి సోయా, కంది పండించుకుంటున్నాడు. వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే ఇస్తున్నాను. నా మొగ్గు మేనకోడలి వైపే. కానీ మామ వేసిన ఒక ప్రశ్నకు మాత్రం ఆమె దగ్గరా, నా దగ్గరా నిండు జవాబు లేదు.

మామ: ఒక్క మాట ముందుగాల్నే చెప్త బిడ్డా. ప్రేమ కథ అని నువ్వన్నప్పుడు నాకు పెద్ద ఆశ లేకుండె. ఒక పిల్ల, ఇద్దరు పోరగాండ్లు, నడుమ కొట్లాట. ఇసొంటియి మస్తు చూసినం. కాని ట్రెయినింగ్ క్యాంపుల వాళ్లిద్దరు గ్లోవ్సు తొడుక్కొని గుద్దుకునే కాడికి వచ్చేసరికి నేను సక్కగ కూసున్న. డేవిడ్ దెబ్బలు తింటడు, పడతడు, మళ్ల లేస్తడు. ఆఖరికి కొట్టే జాక్‌కే సిగ్గైతది. ఆడికెళ్లి వాళ్లు దోస్తులు. అది అబద్ధం కాదు. రంగరూట్లుగ ఉన్నప్పుడు నేను ఎవనితోని పట్టుబట్టి కొట్లాడిన్నో, ఇయ్యాలటికి పండుగకు ఫోన్ చేసేది వానికే.

మేనకోడలు: ఆ దోస్తీ మీద నాకేం కోపం లేదు మామా. దాన్ని నిలబెట్టటానికి కథ ఎవరిని పక్కకు నెట్టిందో అది చూడుమంటున్న. సిల్వియా మొదటి అర్ధగంటల కనిపిస్తది, మళ్ల ఆఖర్ల. నడుమ ఆమె ఉత్త ఫొటో. వాళ్లిద్దరి నడుమ తిరిగే ఒక వస్తువు.

మామ: ఫొటోనే కదా మరి ఫౌజులకు వచ్చేది! పిల్ల ఎట్ల వస్తది?

మేనకోడలు: ఫొటో ఎట్ల వచ్చిందో యాది చేసుకో. సిల్వియా దగ్గర ఒక లాకెట్ ఉంటది. దాని లోపట ఆమె ఫొటో, ఫొటో ఎనక డేవిడ్ కోసం రాసిన మాటలు. డేవిడ్‌కు ఇద్దామని పెట్టుకున్నది. ముందుగాల జాక్ వస్తడు, పోయొస్తనని చెప్పటానికి. లాకెట్ కనబడుతది. నా కోసమే అనుకుంటడు, ఖుషీగ తీసుకుంటడు. ఆమె చెప్పబోయి ఆగిపోతది. వాడు పోయినంక డేవిడ్ వస్తే ఆయనకు చెప్తది, ఫొటో వాని కాడ ఉన్నా మనసు నీ కాడనే అని. చెప్పవలసినోనికి చెప్పలే, చెప్పకున్నా తెలిసినోనికి చెప్పింది. నేను ఈ ఒక్క సీను మీదనే రెండు గంటలు మాట్లాడుత.

మామ: అండ్ల తప్పేముంది? వాడు లడాయికి పోతున్నడు. మళ్ల వస్తడో రాడో. ఆ మొకం చూసి ‘ఇది నీది కాదు, ఇటు తే’ అని ఎవరంటరు? నువ్వంటవా?

మేనకోడలు: అనాలె అంటున్న.

మామ: నోటితోని అనుడు అల్కగనే ఉంటది. నేను నాందేడ్‌ల రైలెక్కిన నాడు మా అమ్మ నవ్వుకుంట తోలింది. ఇంటి నుంచి కార్డు వచ్చిందంటే ‘అందరం క్షేమం’. ఛుట్టీకి వచ్చినంక చూస్తె కొట్టంల బర్రె లేదు, బాపు మంచం పట్టిండు. కడుపుల దేవినట్లయింది. ఎందుకు రాయలే అని అమ్మ మీదికి లేచిన. తర్వాత పోస్టింగ్‌కు పోయినంక తెలిసింది, రాస్తె నేనేం చేద్దును? రాత్రి పహరాల నిలబడి బర్రె గురించి సోచాయిస్తుంటి. నా పక్కనోని పానం నా కండ్ల మీద ఉంటది బిడ్డా. సిల్వియా చేసింది గదే. జాక్ మనసు చెదరకుంట తోలింది.

మేనకోడలు: నీ పహరా మంచిగ సాగాలంటే అమ్మ అబద్ధం ఆడాలె. సరే. మరి ఆ అబద్ధం మోసుకుంట అమ్మ ఇక్కడ ఎట్లున్నది? బర్రెను తోలుకపోయిన నాడు ఎవరికి చెప్పుకున్నది? బాపుకు మందులు ఎక్కడికెళ్లి తెచ్చింది? నీకు పల్టన్ల పక్కనోడు ఉన్నడు. ఆమె పక్కన ఎవరున్నరు?

మామ: ...ఆ సంగతి ఆమె ఎన్నడూ చెప్పలే.

మేనకోడలు: అదే నేను అంటున్నది. లడాయికి పోయేటోనికి ఎవరూ ‘కాదు’ అనొద్దు. ఇది ఎవరు పెట్టిన చట్టమో తెల్వదు గని అన్ని ఊర్లల్ల ఉన్నది. సిల్వియా ఆ చట్టానికి తలొంచింది. ఫిరంగి మోగకముందే లడాయి ఆమె ఇంట్లకు వచ్చింది. ఆ సీన్ల ఒక్క తుపాకి లేదు, ఒక్క విమానం లేదు. నా లెక్కల సినిమాల మొదటి లడాయి సీను అదే.

మామ: నీది బాగనే ఉన్నది. కని సినిమాల అసలు మనసు పట్టుకున్న సీను నువ్వు ఇడిచిపెట్టినవు. లాకెట్ల నుంచి ఫొటో జారి కింద పడ్డప్పుడు ఏమైంది? డేవిడ్ చేతికి వస్తది. ఎనక రాత చూస్తడు, తన పేరు. జాక్ వచ్చి అడుగుతడు, నా ఫొటో ఇయ్యి అని. ఇస్తె జాక్ ఆ రాత చదువుతడు. ఇన్ని దినాలు దిల్‌కు పెట్టుకొని ఎగిరిన ఫొటో వేరేటోనికి రాసిందని తెలుస్తది. డేవిడ్ ఏం చేసిండు? చింపేసిండు. తను ప్రేమించిన పిల్ల ఫొటో, తనకే రాసిన ఫొటో, తన చేతులతోని ముక్కలు ముక్కలు చేసిండు. జాక్ తిట్టిండు, కొట్టబోయిండు. డేవిడ్ నోరు తెరవలే. గంతలనే పిలుపు వచ్చింది, ఇద్దరు చెరో విమానం ఎక్కిన్రు. నేను ఎంత మందిని చూసిన్నో చెప్పలేను గని ఇసొంటి మనిషి లక్షల ఒక్కడు. ప్రేమల పోటీ ఉన్నోడు ఆ పోటీలనే తన దోస్తును కాపాడిండు. ఈ కథల పిల్ల లేకపోతే ఈ మంచితనం ఎట్ల తెలుస్తది? ఉత్తగ బాంబులు పడుడు చూపెడితే తెలుస్తదా?

మేనకోడలు: ఆ సీనుకు నేను గూడ దండం పెడుత. నటులిద్దరు, రిచర్డ్ ఆర్లెన్, చార్లెస్ రోజర్స్, మాట లేకుంట చేసిన తీరు చూడు. చింపేటప్పుడు డేవిడ్ మొకంల కోపం లేదు, తొందర ఉన్నది. జాక్ చెయ్యి అందకముందే పని అయిపోవాలె అన్న తొందర. కని మామా, విమానాలు ఎక్కకముందు వాళ్లిద్దరు ఆఖరుసారి మాట్లాడుకున్నది గదే. జాక్ పగతోని పోయిండు, డేవిడ్ నోరు మూసుకొని పోయిండు. సిల్వియా చెప్పకపోవుడు, డేవిడ్ చెప్పకపోవుడు, రెండు కలిసి ఎక్కడికి పోయినయో నువ్వు చూసినవు.

మామ: ఎక్కడికీ పోలే. డేవిడ్ విమానం కూలింది జర్మనోళ్ల మూలంగ. బతికి బయటపడి, వాళ్ల విమానమే ఎత్తుకొని ఎనకకు వస్తుంటే జాక్ కాల్చిండు. ఎందుకు కాల్చిండు? దోస్తు సచ్చిపోయిండని పగ. డేవిడ్ కూసున్న విమానం రెక్కల మీద జర్మనోళ్ల నల్ల సిలువ. జాక్ కాల్చింది మనిషిని కాదు, గుర్తును. ఫౌజుల అంత గుర్తు మీదనే నడుస్తది. అండ్ల ఫొటోకు, లాకెట్‌కు ఏం సంబంధం?

మేనకోడలు: డేవిడ్ లోపటికెళ్లి మొత్తుకుంటుంటడు చూసినవా? జాక్, నేనే, నేనే అని. మనకు నోరు కదులుడు కనబడుతది, మాట ఇనబడదు. మూగ సినిమా కాబట్టి ఇనబడలేదా? మాటల సినిమా తీసినా ఇనబడదు, రెండు ఇంజన్ల మోతల ఎవలకు ఇనబడుతది? దర్శకుడు వెల్మన్ ఆ సీన్ల నోరు చూపెట్టిండు. సినిమా మొత్తం నోరు తెరిచి మూసుకున్న మనుషులదే. చెప్పేటానికి టైమున్నప్పుడు సిల్వియా చెప్పలే, డేవిడ్ చెప్పలే. ఆఖరుకు డేవిడ్ గొంతు చించుకొని చెప్తుంటే ఇనే వీలు లేదు. దర్శకుడు కావాలని కట్టిండో, తానే అట్ల కుదిరిందో, నాకైతే ఆ మూడు సీన్లు ఒక్క తాడు మీద కనబడుతున్నయి.

మామ: ఊ... తాడు నువ్వు పేనినవు. కని గట్టిగనే ఉన్నది.

మేనకోడలు: డేవిడ్ సచ్చినంక ఆయన సామానుల సిల్వియా జాబు జాక్‌కు దొరుకుతది. అప్పుడు తెలుస్తది నిజం. అప్పుడు తెలిసి ఏం లాభం?

మామ: సరే, ఒకటి అడుగుత. ఆ విమానాలు నిజమైనయేనా? మా కాలంల తెర మీద విమానం అంటే బొమ్మను దారానికి కట్టి ఊపేటోళ్లు. ఇది చూస్తె నాకు పొట్టల గుబులైంది.

మేనకోడలు: నిజమైనయే. టెక్సాస్‌ల సాన్ ఆంటోనియో దగ్గర తీసిన్రు. వెల్మన్ ఉత్త దర్శకుడు కాదు, మొదటి యుద్ధంల ఫ్రాన్స్ తరఫున స్వయంగ విమానం నడిపినోడు. నిర్మలమైన ఆకాశంల విమానం ఎంత జోరుగ పోయినా కదలనట్టే ఉంటది, ఎనక మబ్బులుంటేనే ఆ జోరు కండ్లకు తెలుస్తది. అందుకని మబ్బుల కోసం రోజులకు రోజులు షూటింగ్ ఆపి కూసున్నడు. పైన స్టూడియోవాళ్లు లబలబ మొత్తుకున్నరు. కెమెరాలు విమానం ముంగట బిగించిన్రు. పైన పోయినంక నటులే వాటిని నడిపించుకున్నరు. షూటింగ్‌ల ఒక సైనిక పైలట్ సచ్చిపోయిండు. కూలే విమానాలను నడిపిన డిక్ గ్రేస్‌కు మెడ ఎముక విరిగింది.

మామ: అందుకే. లడాయి చూసినోడు తీసిండు కాబట్టే అది నిలబడ్డది. లడాయి చూసినోనికి ఒక్కటి తెలుసు బిడ్డా, బంకర్ల దేశం గురించి ఎవడూ ముచ్చట పెట్టడు. పిల్ల గురించి, ఇంటి గురించి పెడతడు. ప్రేమ కథ అందుకే కావాలె. నువ్వేమో దాన్ని చక్కెర పూత అంటున్నవు.

మేనకోడలు: చక్కెర పూత అనలే. తెర అంటున్న. దాని ఎనక దాగింది చెప్తె నీకు నమ్మబుద్ధి కాదు. జాక్, డేవిడ్ ఎగిరిన ఆకాశంల మన పైసలు గూడ ఎగిరినయి.

మామ: మన పైసలా? ఎవలియి?

మేనకోడలు: నిజాం రాజ్యంవి. బ్రిటిష్ వైమానిక దళంల 110వ స్క్వాడ్రన్ అని ఉండె. 1917 నవంబర్‌ల ఇంగ్లండ్‌ల మొదలైంది. దానికి ఇచ్చిన మొదటి విమానాలు, డీహెచ్ 9ఏ అనే బాంబర్లు, మొత్తం నిజాం ఉస్మాన్ అలీఖాన్ బహుమతి. ఒక్కో విమానం మీద ఇది హైదరాబాద్ నిజాం ఇచ్చింది అని రాసిన్రు. దాన్ని హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పిలిచిన్రు. ఆ దళం గుర్తుల పులి బొమ్మ నిజాం ముద్రల నుంచి వచ్చిందే. 1918 సెప్టెంబర్‌ల తూర్పు ఫ్రాన్స్‌ల బెటన్‌కూర్ అనే చోట దిగిన్రు, పట్టపగలు జర్మనీ పట్టణాల దాకా పోయి బాంబులు ఏసిన్రు. ‘వింగ్స్’ల ఆఖరుకు చూపెట్టిన సెయింట్ మియెల్ లడాయి గూడ ఆ 1918 సెప్టెంబర్‌లదే, ఆ తూర్పు ఫ్రాన్స్‌లదే. కొన్ని వారాలల్లనే హైదరాబాద్ విమానాలు మస్తు కూలినయి. ఆ సాలు మొదట్లనే నిజాంకు ‘ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు వచ్చింది. అప్పుడు మన బిచ్కుంద, జుక్కల్ దిక్కు ఊర్లన్ని నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాల ఉండె. 1956ల గదా ఇటు కలిసింది. ఆ నల్లరేగడి మీద శిస్తు కట్టినోళ్లకు తమ పైస ఫ్రాన్స్‌ల రెక్కలు కట్టుకున్నదని ఎరుకనా?

మామ: ఖజానా పైసలో, ఆయన సొంత సర్ఫెఖాస్ పైసలో ఎవరికెరుక.

మేనకోడలు: ఏదైనా రైతు కట్టిందే కదా.

మామ: అది నిజమే. ఢిల్లీల తీన్‌మూర్తి చూసిన నేను. ముగ్గురు జవాన్ల విగ్రహాలు. హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ అశ్వదళాలకు నిలబెట్టినయి. పాలస్తీన దిక్కు పోయి కొట్లాడినోళ్లు. ఆ రాయి కాడ నిలబడితే నాకు గర్వమే అనిపించింది, నేను దాయ. విమానాల సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పలే. అయినా నీ మాట నీకే అడ్డం పడుతది చూడు. నిజాం పైస విమానమై కూలింది. దాని మీద ఒక్కరు గూడ సినిమా తియ్యలే. ఎందుకు తియ్యలే? అండ్ల జాక్ లేడు, డేవిడ్ లేడు, సిల్వియా లేదు. మనిషి మనిషిని ప్రేమించిన కథ లేకపోతే లడాయి ఉత్త లెక్కల పుస్తకం.

మేనకోడలు: ఉండె మామా. ఆ విమానాలల్ల పోయినోళ్లకు గూడ ఇంటి కాడ ఎవరో ఉండె. ఎవరూ అడగలే, గంతే. నిజాంకు ప్రేమ కథ అంటే ఎంత భయమో ఒక ముచ్చట చెప్త. 1922ల ధీరేన్ గంగూలీ అనే బెంగాలీ ఆయన హైదరాబాద్‌ల లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టిండు. నిజాం అండతోనే స్టూడియో కట్టిండు, సినిమా హాళ్లు నడిపిండు. 1924ల బొంబాయిల తీసిన ‘రజియా బేగం’ తెచ్చి ఆడించిండు. ఢిల్లీ తఖ్తు మీద కూసున్న ముస్లిం రాణి ఒక హిందువును ప్రేమించిన కథ. నిజాంకు కోపమొచ్చింది, గంగూలీని రాజ్యం ఇడిచి పొమ్మన్నరు. స్టూడియో పాయె, హాళ్లు పాయె.

మామ: అగో! నువ్వే నా దిక్కు సాక్ష్యం చెప్తివి. ఆరేండ్ల కింద విమానాలకు విమానాలు ఇచ్చిన దొర, తెర మీద ఒక ఆడిది ఒకని దిక్కు చూస్తె తట్టుకోలేకపోయిండు. బాంబులకు భయపడనోడు ప్రేమకు భయపడ్డడు. మరి ప్రేమ కథ అల్కటిదెట్లైతది? లడాయి సినిమాల ప్రేమ ఉంటేనే పాలకులకు కంట్ల పడుతది.

మేనకోడలు: పడుతది. ఏ ప్రేమ పడుతది? రజియా ఎవరిని కోరుకుంటదో ఆమెనే తేల్చుకున్నది, అది కంట్ల పడ్డది. చరిత్రల చూడు: 1236 నుంచి 1240 దాకా ఏలింది. యాకూత్ అనే హబ్షీ సర్దారును దగ్గరికి తీసిందని అమీర్లకు మంట. భటిండా సుబేదారు అల్తూనియా తిరగబడ్డడు, యాకూత్‌ను చంపిన్రు, రజియాను ఖైదు చేసిన్రు. ఖైదు చేసిన అల్తూనియాతోనే ఆమె పెండ్లి, ఇద్దరు కలిసి ఢిల్లీ మీదికి దండు తీసిన్రు, ఓడిన్రు, సచ్చిన్రు. సినిమావోళ్లు ఏది మార్చినా, తఖ్తు మీద ఉన్న ఆడమనిషి మనసే అండ్ల కథ. ‘వింగ్స్’ను ఏ రాజు నిషేధించలే. సిల్వియా ఎవరినీ ఇబ్బంది పెట్టలే కదా, నోరు మూసుకున్నది. ఆస్కార్ ఇచ్చిన్రు.

మామ: మేరీ ఉన్నది కదా? ఆమె అంబులెన్స్ నడుపుకుంట ఫ్రాన్స్ దాకా పోయింది. ఆమె నోరు మూసుకున్నదా?

మేనకోడలు: క్లారా బో. ఆ పిల్ల తెర మీదికి వస్తె గోడ మీద గుడ్డ వెలిగినట్లుండె, నేను ఒప్పుకుంట. కని ఆమెకు ఏం దక్కింది? ప్యారిస్‌ల జాక్ తాగి ఉన్నడు. కండ్ల ముంగట బుడగలు తేలుతున్నయి, మేరీని గుర్తు గూడ పట్టడు. ఛుట్టీలు రద్దైనయి, ఎనకకు పోకపోతే వాని మీద కేసైతది. ఆమె వాన్ని ఎట్లనో రూమ్‌కు చేర్చి, బట్టలు మార్చుకుంటుంటే మిలిటరీ పోలీసులు వచ్చిన్రు. నిందంతా ఆమె మీద పడ్డది. ఆమెను కొలువుల నుంచి ఎల్లగొట్టి ఇంటికి తోలిన్రు. జాక్ తెల్లారి ఆకాశంల వీరుడు. తాగినోడు ఒకడు, శిక్ష ఒకరికి. ఆఖరుకు ఇంటికొచ్చినంక జాక్ ఆమెకు ప్యారిస్‌ల ఎవరో ఆడిది దొరికిందని ఒప్పుకుంటుంటడు, ఆ ఆడిది ఆమెనే అని వానికి తెల్వదు. ఆమె చెప్పదు. ఇంకొక నోరు మూసుకునుడు.

మామ: ఇగ నేను మన దిక్కు వస్త. నువ్వు చెప్పాలె చెప్పాలె అంటున్నవు. చెప్పిన పిల్ల మన దగ్గర ఉన్నది. మన తెలుగోళ్ల మొదటి మూగ సినిమా ఏది?

మేనకోడలు: ‘భీష్మ ప్రతిజ్ఞ’. 1921. రఘుపతి వెంకయ్య నాయుడు కొడుకు సూర్యప్రకాశ్ తీసిండు, ఆయనే భీష్ముడు. పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ ఆమె గంగ. మద్రాసుల వాళ్ల సొంత కంపెనీ, స్టార్ ఆఫ్ ది ఈస్ట్. ఆ సినిమా మనకు మిగల్లే. ‘వింగ్స్’ గూడ పోయిందనే అనుకున్నరు, ప్యారిస్‌ల సినిమా భాండాగారంల ఒక ప్రింటు దొరికింది. మనది ఎక్కడా దొరకలే. వెంకయ్యగారు స్టూడియోల ఫొటోలు తీసుకుంట మొదలుపెట్టి, గుడారాలల్ల బొమ్మలాడించి, మద్రాసుల గెయిటీ హాలు కట్టి, కొడుకును సినిమా నేర్చుకోను ఇంగ్లండ్ తోలిండు. అంత కష్టం, ఒక్క రీలు చూసే భాగ్యం మనకు లేదు. దీని మీద నాకున్న బాధ నేను ఎవరికీ చెప్పలేను.

మామ: రీలు పోతే కథ పోలే. భీష్ముని ప్రతిజ్ఞ అన్నంక అంబ దాని ఎనకాలనే వస్తది. యక్షగానంల, హరికథల చిన్నప్పటి నుంచి ఇన్నదే. కాశీరాజు బిడ్డలు ముగ్గురు. స్వయంవరం నుంచి భీష్ముడు రథం ఎక్కించుకొని పోతడు, తమ్మునికి పెండ్లి చెయ్యటానికి. సాళ్వుడు అడ్డం తిరిగి కొట్లాడుతడు, ఓడిపోతడు. ఇద్దరు మగోళ్లు, ఒక పిల్ల, లడాయి. నీ ‘వింగ్స్’కు ఏం తక్కువ? ఇప్పుడు ఇను. అంబ హస్తినాపురంల నోరు తెరిచి చెప్పింది, నా మనసుల సాళ్వుడు ఉన్నడని. నువ్వు కోరినట్టే, సక్కగ, మొకం మీద చెప్పింది. భీష్ముడు ఇన్నడు, మర్యాదతోని తోలిండు. ఏమైంది? సాళ్వుడు వద్దన్నడు. వేరేటోడు గెలుచుకపోయిన పిల్ల నాకెందుకన్నడు. భీష్మునికి ప్రతిజ్ఞ అడ్డం. పరశురాముడు వచ్చి కొట్లాడినా ఒడువలే. ఆఖరుకు ఆమె అగ్గిల పడి, మళ్ల పుట్టి, శిఖండి అయి పగ తీర్చుకున్నది. చెప్పిన పిల్ల గతి ఇది. చెప్పని సిల్వియా కనీసం పానంతోని ఉన్నది. ఇప్పుడు చెప్పు, చెప్పాలెనా?

మేనకోడలు: ...

మామ: చెప్పు బిడ్డా.

మేనకోడలు: అంబ చెప్పింది రథం దిగినంక మామా. లడాయి అయిపోయినంక. అప్పటికే ఆమె ఒకరు గెలిచిన, ఇంకొకరు ఓడిన వస్తువైపోయింది. ఎక్కకముందే ఆమెను అడిగినోడు లేడు.

మామ: అడగకపోతే ముందుగాలనే మొత్తుకోవచ్చు కదా అని నేనంట. మొత్తుకున్నా భీష్ముడు ఆగునా? ఆగడు. గందుకే అంటున్న, చెప్పుడుతోని పని కాదు. ఇనేటోడు ఉండాలె. సాళ్వుడు ఇనలే. సిల్వియా చెప్తె జాక్ ఇనునా? జాక్ పిల్లగాడు, లడాయి అంటే ఆటనుకున్నోడు. గప్పుడే మొకం మాడ్చుకొని, దేవుని మీద కోపంతోని విమానం ఎక్కి మొదటి వారంల సచ్చేటోడేమో. అప్పుడు సిల్వియా బతుకంత ఏడ్చేది, నేను చెప్పబట్టే సచ్చిండని. దానికి నీ దగ్గర జవాబు ఉన్నదా?

మేనకోడలు: లేదు. కోపంతోని ఎక్కి సచ్చునేమో. కాదనను. కని అప్పుడు వాడు తన నిజంతోని సచ్చేటోడు. వేరేటోని ఫొటో గుండెకు పెట్టుకొని కాదు. ఇంకొకటి, నువ్వు సాళ్వుని పేరు తీసి నా పని అల్క చేసినవు. చెప్పుడు ఆడోళ్ల మీద, ఇనుడు మగోళ్ల మీద. ఈ సినిమాల మగోళ్లకు ఇనుడు ఎవరు నేర్పిన్రు? బాక్సింగ్ నేర్పిన్రు, విమానం నేర్పిన్రు.

మామ: ఆ ఒక్క మాట నాకు తగిలింది. ఒప్పుకుంట. కని డేవిడ్ తల్లి? ఆమె ఇన్నది కదా. జాక్ ఊరికొచ్చి, దండలు, జేజేలు అన్ని అయినంక ఆ ఇంటికి పోతడు. డేవిడ్ బొమ్మ, ఆ చిన్న ఎలుగుబంటి, చేతుల పెడతడు. మీ కొడుకును చంపింది నేనే అని చెప్తడు. తండ్రి మాట లేకుంట కూసుంటడు. తల్లి వాన్ని ద్వేషించాలనుకున్నా ద్వేషించలేదు, తప్పు నీది కాదు లడాయిది అంటది. బడి కాడ మన ఆడోళ్లంత ఏడ్చిన్రు. నువ్వు మరాఠీల చదువుతుంటే నీ గొంతు గూడ వణికింది, నేను ఇన్న.

మేనకోడలు: వణికింది. సదివేటప్పుడు గొంతు వణికినా నాకు ఆ మాట మీద అనుమానం పోలే. తల్లి క్షమించుడు గొప్పదే. కని ‘లడాయి చేసింది’ అంటే ఎవరు చేసినట్టు? లడాయి అనేది వానకాలం లెక్క తనంతట తానే వస్తదా? ఆ ఒక్క మాటతోని జాక్ తప్పించుకున్నడు, వానికి బిరుదులు ఇచ్చినోళ్లు తప్పించుకున్నరు, విమానాలు కొనిచ్చినోళ్లు తప్పించుకున్నరు. తల్లి కన్నీళ్లతోని అందరి లెక్క కడిగేసిన్రు. ఇదే పోటీ కథతోని లెక్క కడగకుంట తీసినోడు ఉన్నడు. ఫ్రాన్స్‌ల ఆబెల్ గాన్స్, 1919, ‘జక్యూజ్’. దాని పేరే ‘నేను నేరం మోపుతున్న’ అని. అండ్ల గూడ ఇద్దరు మగోళ్లు, ఒక ఆడామె. ఎడిత్ భర్త ఫ్రాన్స్వా మొరటోడు. ఆమె ప్రేమించింది జాన్ డియాజ్ అనే కవిని. ఇద్దరు మగోళ్లు ఒక్క దళంల పడతరు, పగోళ్లు దోస్తులైతరు. నీకు నచ్చే కథే.

మామ: మరి తేడా ఏంది?

మేనకోడలు: తేడా ఎడిత్. జర్మన్ సైనికులు ఆమెను పట్టుకపోయి చెరుస్తరు. చిన్న పిల్లను ఎత్తుకొని ఇంటికి తిరిగొస్తది. లడాయి మగోళ్లకు గాయంగ వస్తే, ఆమెకు బిడ్డగ వచ్చింది. ఆ బిడ్డను ఎవరు సాకాలె, భర్తకు ఎట్ల చెప్పాలె, ఊరు ఏమంటది. సినిమా సగం ఈ ఇంట్లనే నడుస్తది. ఆఖరుకు పిచ్చోడైన జాన్ ఊరోళ్లను పిలిచి చెప్తడు, సచ్చినోళ్లు లేచి వస్తున్నరు, మీరు వాళ్ల సావుకు తగ్గట్టు బతికిన్రా అని అడగటానికి వస్తున్నరు అని. ఆ సచ్చినోళ్ల దండుల నడిచినోళ్లు నిజమైన జవాన్లు, ఛుట్టీ మీద వచ్చినోళ్లు. షూటింగ్ అయినంక మళ్ల మోర్చాకు పోయిన్రు. వాళ్లల్ల చానమంది మళ్ల రాలేదని గాన్స్ తర్వాత చెప్పుకున్నడు. ఆయన కాడ పనిచేసిన కవి బ్లేజ్ సెంద్రార్‌కు అప్పటికే లడాయిల కుడిచెయ్యి పోయింది. అండ్ల గూడ వేషం కట్టిండు. ‘లడాయి చేసింది’ అని ఆ సినిమా అనదు. ఇంటి కాడ ఉన్నోళ్లను గూడ నిలబెట్టి అడుగుతది.

మామ: ఛుట్టీ మీద వచ్చినోనితోని సచ్చినోని వేషం కట్టించిండా... నేనైతే కట్టకపోదును. కట్టినోళ్ల గుండె ఏందో. బిడ్డా, నీ సినిమా నేను చూస్త. గని ఎడిత్‌ది చిన్న పిల్లల ముంగట చూపెట్టుడు నాకు నచ్చదు. ముందే చెప్తున్న.

మేనకోడలు: పిల్లలకు వద్దు. పెద్దోళ్లకే చూపెడుదం. కని ఆడోళ్లు తప్పకుండ రావాలె. ‘వింగ్స్’ అప్పుడు ఎనక గోడ కాడ నిలబడి చూసిన్రు, ముంగట కుర్చీలన్ని మగోళ్లే ఆక్రమించిన్రు.

మామ: కుర్చీల సంగతి నేను చూసుకుంట. సోయా కోతలు ఒడువనియ్యి. మరాఠీ నువ్వు సదువు, తెలుగు నేను సదువుత. ఎడిత్ మాటలు మాత్రం నేను సదువ, అవి నువ్వే సదవాలె.